ఆండ్రాయిడ్ సోర్స్‌లో కామెంట్లు వెతకడం ఎలా? నా ల్యాప్‌టాప్ చేతులెత్తేసింది

ఓరుగల్లు_బీటెక్ (హన్మకొండ)
అన్నలకు, అక్కలకు నమస్తే. ఫోన్ సెట్టింగ్స్‌ను తెలుగులోకి మార్చేటప్పుడు కొన్ని మాటల దగ్గర ఆగిపోతాం. ‘హోమ్’ అంటే ఇల్లా, మొదటి తెరా? ‘క్లియర్’ అంటే తుడిచెయ్యడమా, స్పష్టంగా ఉండడమా? కోడ్ రాసినవాళ్లు పక్కన కామెంట్‌లో (మనుషులు చదువుకోవడానికి రాసే నోట్) ఏదో ఒకటి చెప్పే ఉంటారు. అవన్నీ ఏరి పట్టిక చెయ్యడమే నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు.

నాది 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. సోర్స్ కోడ్ మొత్తం దించే రెపో సింక్ కమాండ్‌ను హాస్టల్ వైఫైలో రెండు రాత్రులు నడిపితే డిస్క్ నిండి ఆగింది. దిగినంత వరకు గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండ్) కొట్టా, 40 నిమిషాలు తిరిగింది. వచ్చినవాటిలో సగం ప్రతి ఫైలు పైనా ఉండే అపాచీ లైసెన్స్ ముక్కలే. వచ్చే వారం రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_లోకో
తమ్మీ, సింక్ కొట్టే ముందు అడగాల్సింది. 400 జీబీ ఖాళీ ఉండాలని గూగుల్ వాళ్ల పేజీలోనే రాసి ఉంది. కోడ్ దించడానికి 250, బిల్డ్‌కు (కోడ్‌ను నడిచే సిస్టమ్‌గా మార్చడానికి) ఇంకో 150. ర్యామ్ 64 జీబీ. కానీ నువ్వు బిల్డ్ చెయ్యవు, చదువుతావు, అంతే. దానికి బ్రౌజర్ చాలు. 2019 డిసెంబరులో ఆండ్రాయిడ్ కోడ్ సెర్చ్‌ను అందరికీ తెరిచారు, సీఎస్ డాట్ ఆండ్రాయిడ్ డాట్ కామ్. ‘ఫైల్’ అని రాసి కోలన్ పెట్టి దారి ఇస్తే ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. ముందు మైనస్ పెడితే ఆ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. టెస్టుల చెత్త అలా పోతుంది.

‘యూసేజ్’ అనే ఫిల్టర్ జోలికి మాత్రం పోకు. అది కామెంట్లను, కొటేషన్లలోని మాటలను పక్కన పెట్టి వెతుకుతుంది. నీకు కావలసింది దానికి తలకిందులు.

ఓరుగల్లు_బీటెక్
చూశా అన్నా, మస్తు స్పీడ్ ఉంది. కానీ ఒక కామెంట్ వాక్యం నా కళ్లతో చూసి, దాన్నే కొటేషన్లలో పెట్టి వెతికితే సున్నా ఫలితాలు! అక్షరం తప్పు పోలేదు.

సుబేదారి_అక్క
తమ్ముడూ, ఆ సున్నా దగ్గర నేను ఒక వారం పోగొట్టుకున్నా. ఆండ్రాయిడ్ జావా కోడ్‌కు లైను 100 అక్షరాలు దాటకూడదని నియమం. పెద్ద వాక్యం మధ్యలో విరుగుతుంది, కింది లైను నక్షత్రం గుర్తుతో మొదలవుతుంది. నీ కంటికి అది ఒక వాక్యం, యంత్రానికి రెండు ముక్కలు, మధ్యలో ఒక నక్షత్రం.

అందుకే వాక్యం మొత్తం ఇవ్వకు. ఒకే లైనులో పక్కపక్కన ఉండే అరుదైన రెండు మాటలు ఎంచుకో. నీ మిషన్‌లోనే వెతికేటట్టయితే రిప్‌గ్రెప్‌కు (గ్రెప్ లాంటి కమాండే) పెద్ద యూ ఆప్షన్ ఇవ్వు, లైన్లు దాటి చూస్తుంది. మాటకూ మాటకూ మధ్య ‘ఖాళీ గాని, కొత్త లైను గాని, నక్షత్రం గాని’ అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతికే నమూనా) పెట్టాలి. నా దగ్గర నూటికి తొంభైసార్లు రెండు మాటల పద్ధతితోనే పని అయిపోయింది.

ఇంకొకటి. టూడూ అని రాసి బ్రాకెట్లో ‘బి’, గీత, ఒక నంబర్ ఉన్న కామెంట్లు కుప్పలుగా తగులుతాయి. అవి గూగుల్ బగ్ నంబర్లు. చాలావాటికి లోపలివాళ్లకే తలుపు తెరుచుకుంటుంది. వెంటపడి పరేషాన్ కాకు.

జగిత్యాల_అనువాదం
అందరూ జావా ఫైళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. భయ్యాకు కావలసింది అక్కడ లేదు. తెలుగు మాటలు వాల్యూస్-టీఈ ఫోల్డర్‌లోని స్ట్రింగ్స్ ఎక్స్ఎంఎల్‌లో ఉంటాయి. తెర మీద కనిపించే ఒక్కో మాటా ఒక స్ట్రింగ్. అందులో పేరు, మెసేజ్ ఐడీ నంబర్, తెలుగు మాట, అంతే. అనువాదకుల కోసం రాసిన వివరణలు ఇంగ్లిష్ ఫైల్లో, అంటే ఉత్త వాల్యూస్ ఫోల్డర్‌లో ఉంటాయి. కాబట్టి ముందు తెలుగు మాటతో టీఈ ఫైల్లో వెతికి ఆ స్ట్రింగ్ పేరు పట్టుకో. ఆ పేరుతో ఇంగ్లిష్ ఫైలుకు పో. పైలైనులో కామెంట్ ఉంటుంది. అది ఏ తెర మీద వస్తుందో, బటనా శీర్షికా, చాలాచోట్ల చెప్తారు. చివర ‘క్యార్ లిమిట్’ అని ఒక అంకె ఉంటే మాట అంతకు మించకూడదు. తెలుగు మాట పొడుగు కదా, మనకు అసలు చిక్కు అక్కడే.

స్ట్రింగ్ మధ్యలో తర్వాత నిండే ఖాళీని చూపే ఎక్స్‌లిఫ్ ట్యాగుల్లో ఎగ్జాంపుల్ అని ఉన్నవి కూడా పట్టికలో చేర్చు. ఆ ఖాళీలో అంకె వస్తుందా, మనిషి పేరు వస్తుందా అన్నది వాటిని చూస్తే తెలుస్తుంది. పేరైతే విభక్తి ఎట్లా అతికించాలన్నది మళ్లీ మన తలనొప్పే.

మంచిర్యాల_రాత్రిబడి
మొత్తం సోర్స్ కావాలనుకునేవాళ్లకు నా కథ. మా ఊళ్లో నెట్ సంగతి తెలిసి, సికింద్రాబాద్‌లో ఉన్న మా బావ దగ్గర డాట్ రెపో ఫోల్డర్ (దించిన కోడ్ అంతా దాచి ఉండేది) హార్డ్‌డిస్క్‌లో ఎక్కించుకుని భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకున్నా. ఇంటికొచ్చి చూస్తే సగం ఫైళ్లు లేవు. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది, దాంట్లో సిమ్‌లింకులు (ఇంకో ఫైలుకు దారి చూపే గుర్తులు) నిలవవు. డాట్ రెపో నిండా అవే. రెండోసారి టార్ (అన్నీ ఒకే ఫైలుగా మూట) కట్టి తెచ్చి, రెపో సింక్‌కు చిన్న ఎల్ పెడితే నెట్ లేకుండానే ఫైళ్లన్నీ పరుచుకున్నాయి. టికెట్ డబ్బులు బావ ఇంకా అడుగుతున్నాడు.

సుబేదారి_అక్క
పాత ట్యుటోరియల్స్ చూసి సోర్స్‌లో ఏఓఎస్‌పీ-మెయిన్ అనే బ్రాంచ్ (శాఖ) తీసుకోకండి. 2025 మార్చి చివరి నుంచి ఆండ్రాయిడ్-లేటెస్ట్-రిలీజ్ వాడమంటున్నారు. తీసేసిన కామెంట్ కావాలంటే గిట్ లాగ్‌కు (కోడ్ మార్పుల చరిత్ర చూపే కమాండ్) పెద్ద ఎస్ ఇచ్చి వెతకాలి. కాకపోతే డెప్త్ 1తో, అంటే చివరి మార్పు ఒక్కటే దించితే చరిత్రే ఉండదు, ఏమీ దొరకదు.

కాజీపేట_లోకో
రివ్యూలో నవ్వించాలంటే యూజర్‌మేనేజర్‌లో ‘ఈజ్ యూజర్ ఎ గోట్’ కామెంట్ చూపించు. యూజర్ మేకా కాదా చెప్పే ఫంక్షన్, ఆండ్రాయిడ్ 4.2 నుంచి ఉంది. మేకల ప్రైవసీ కాపాడటానికి ఆండ్రాయిడ్ 11 నుంచి ఎప్పుడూ కాదనే చెప్తుందట!

ఓరుగల్లు_బీటెక్
అందరికీ థ్యాంక్స్. సెట్టింగ్స్ రెపో ఒక్కటే దించుకున్నా. రిప్‌గ్రెప్ కొడితే కళ్లు ఆర్పేలోపు వచ్చేసింది. పేరు పట్టుకుని ఇంగ్లిష్ ఫైలుకు పోతే చాలావరకు దొరుకుతున్నాయి. కానీ కొన్నిచోట్ల కామెంట్‌లో ఆ స్ట్రింగ్‌లోని మాటే మళ్లీ రాసి పెట్టారు. వాటినేం చెయ్యాలి?

జగిత్యాల_అనువాదం
అప్పుడు ఆ పేరును జావా, కోట్లిన్ ఫైళ్లలో ఎక్కడ వాడారో చూడాలి. ఏ తెర కోసం పిలిచారో తెలిస్తే మాట తెలుస్తుంది. లోకో అన్న వద్దన్న యూసేజ్ ఫిల్టర్ ఇక్కడ పనికొస్తుంది.

కాజీపేట_లోకో
సరే, వెనక్కి తీసుకుంటున్నా. తెర అమరిక రాసే లేఅవుట్ ఎక్స్ఎంఎల్‌లకు మాత్రం పెట్టకు, వాటిలో పేరు కొటేషన్లలోనే ఉంటుంది.