కప్ప మేతకు పెంచే ఇలకోళ్ల (కీచురాళ్ల) పిల్లలు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న (విజయనగరం):
మా అబ్బాయి పెంచుకుంటున్న పాక్‌మన్ కప్ప కోసం మూడు నెలలుగా ప్లాస్టిక్ డబ్బాలో ఇలకోళ్లను పెంచుతున్నాను. పెద్దవి రాత్రంతా హుషారుగా అరుస్తున్నాయి (మా అత్తగారి నిద్ర సంగతి అడగకండి) గాని, గుడ్ల నుండి వచ్చిన పిల్లలు వారం తిరగకుండానే చనిపోతున్నాయి. తడి ఆరకూడదని డబ్బా అంతటా రోజూ నీళ్లు చిలకరిస్తున్నాను. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం):
తడి కావలసినది గుడ్లకేనండీ. ఉద్దానం వైపు సులువుగా దొరికే కొబ్బరి పీచు పొట్టును తడిపి, చిన్న గిన్నెలో నింపి పెడితే ఆడవి అందులోనే గుడ్లు పెడతాయి. ఆ గిన్నెను 30 డిగ్రీల వెచ్చదనంలో వేరుగా ఉంచితే సుమారు 10 రోజులకు పిల్లలు వస్తాయి. పిల్లలుండే డబ్బా మాత్రం పొడిగా, మూతకు సన్నని ఇనుప జాలీతో, గాలి ఆడేలా ఉండాలి. మన తీరప్రాంతపు ఉక్కకు మీ చిలకరింపు తోడైతే బూజు పట్టక మానదు. దాహానికి క్యారెట్ ముక్క చాలు, అదీ రోజూ మార్చాలి. పెద్దవాటిని పిల్లలతో కలపకండి, తినేస్తాయి.

మరో జవాబు (బొబ్బిలి):
ఇలకోళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కనుక, కప్పకు వేసే ముందు వాటికి కాల్షియం పొడి అద్దండి. పురుగుమందు చల్లిన పొలాల్లో పట్టినవి మాత్రం వద్దు.

అడిగినవారు:
కృతజ్ఞతలండీ. డబ్బా అడుగున నిజంగానే తెల్లని బూజు కనిపించింది. ఈరోజే జాలీ మూత చేయిస్తాను.