మొటిమలున్న ముఖానికి భోగి నలుగు పెట్టొచ్చా?

మండపేట అమ్మ
భోగికి ఇంకా 10 రోజులే ఉంది. మా అత్తగారు సున్నిపిండి ఆడించేశారు. పెసలు, శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, గులాబీ రేకులు, కస్తూరి పసుపు అన్నీ వేశారు. మా అమ్మాయికి 16 ఏళ్లు, నుదుటి నిండా, బుగ్గల మీదా మొటిమలు. నలుగు వద్దంటే వద్దంటోంది. ఆన్‌లైన్‌లో ఏదో సీరమ్ తెప్పించుకుంది, సీసా మీద గ్లైకోలిక్ యాసిడ్ 30 శాతం అని ఉంది. మృతకణాలు పోవాలంటే అదే కరెక్ట్ అంటోంది. మామ్మా మనవరాళ్ల మధ్య నాకు రోజూ టెన్షనే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కచ్చూరం
నిక్షేపంగా పెట్టండమ్మా. నాకు 66 ఏళ్లు, ఇప్పటికీ పండగకి నేనే పిండి కొట్టిస్తాను. అయితే పద్ధతి తెలియాలి. ముందు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఒళ్లంతా పట్టించి అరగంట నాననివ్వాలి. ఆ తర్వాత పిండిని నీళ్లతో జారుగా కలిపి రాయాలి. నూనె జారుడుకి చర్మం గీసుకోదు, పిండేమో ఆ నూనెని లాగేస్తుంది. సబ్బు అక్కర్లేదు. ఈ కాలం పిల్లలు నూనె రాయకుండా పొడి పిండి పెట్టి రుద్దుకుని, మండిందంటారు. ఆ యాసిడ్ సీసా మాత్రం ముందు దాచెయ్యండి.

రాత్రి డ్యూటీ
మరలో అంతకుముందు ఏం ఆడించారో కనుక్కోండి. మాకోసారి కారం ఆడించాక మా పిండి పోశారు. సాయంత్రం దాకా మొహం మండింది.

ఎర్రబుగ్గ
దయచేసి ముఖానికి పెట్టకండి. 2011లో నా పెళ్లికి మూడు రోజులు వరసగా నలుగు పెట్టారు. అప్పుడు నాకు ఈ పాపకున్నట్టే మొటిమలు. రెండో రోజుకి అవన్నీ చితికాయి. పీటల మీద మేకప్‌తో కప్పారు గానీ, ఆ తర్వాత మిగిలిన నల్లమచ్చలు పోవడానికి 8 నెలలు పట్టింది. మన రంగు చర్మం ఎక్కడ గాయపడినా, ఎక్కడ వాచినా అక్కడ మెలనిన్, అదే చర్మానికి రంగునిచ్చే పదార్థం, ఎక్కువ తయారవుతుంది. మొటిమ వారంలో మానుతుంది, మచ్చ నెలలు ఉంటుంది. నేను మాట్లాడేది ఆ మచ్చ గురించి.

కచ్చూరం
పిండి జల్లించారా అమ్మా? మర నుంచి వచ్చింది వచ్చినట్టు వాడితే కచ్చూరాల పీచు, తొక్కలు గుచ్చుకుంటాయి. పల్చటి నూలుగుడ్డలో జల్లిస్తే పౌడర్‌లా దిగుతుంది. మా అమ్మ రెండుసార్లు జల్లించేది.

ఎర్రబుగ్గ
జల్లించారో లేదో నాకు తెలియదు. పౌడర్ అయినా చీము పట్టిన మొటిమ మీద రుద్దితే చితకదా?

కచ్చూరం
జల్లించలేదన్నమాట. అదే చెబుతున్నాను.

మందుల కొట్టు
నేను 19 ఏళ్లుగా ఫార్మసీలో ఉన్నాను. ముందు ఆ సీసా సంగతి. 30 శాతం గ్లైకోలిక్ అంటే డాక్టర్ ఎదురుగా ఉండి, టైమ్ చూసి కడిగించే పీల్, అంటే చర్మం పైపొరని ఊడదీసే చికిత్స. ఇంట్లో వాడే ఈ రకం యాసిడ్‌లు 10 శాతం దాటకూడదు, పీహెచ్ (అది తగ్గేకొద్దీ యాసిడ్ ఘాటు పెరుగుతుంది) 3.5 కన్నా తగ్గకూడదు. వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో వారం కూడా ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది, సన్‌స్క్రీన్ తప్పనిసరి. మొటిమల చర్మానికి 2 శాతం లోపు సాలిసిలిక్ నయం, అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రం లోపలికి వెళ్తుంది. అదైనా వారానికి ఒకటి రెండుసార్లతో మొదలుపెట్టాలి, ముందు దవడ కింద కొంచెం రాసి చూసుకోవాలి.

రెండోది, బావంచాలు. వాటిలో సోరాలెన్ ఉంటుంది, అది చర్మం మీద ఎండ ప్రభావాన్ని బాగా పెంచే పదార్థం. బొల్లికి ఆయుర్వేదంలో బావంచాలు రాసి ఎండలో కూర్చోబెట్టేది అందుకే. ముఖానికి ప్యాక్‌లా వేసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు రావచ్చు. నిమ్మరసం రాసుకుని ఎండలో తిరిగినా అంతే.

అసలు చర్మం పైపొర దానంతట అదే సుమారు 4 వారాలకి మారుతుంది. వయసులో ఉన్నవాళ్లకి మనం పెద్దగా చేయాల్సింది లేదు.

కచ్చూరం
మా ఇంట్లో నాలుగు తరాలుగా బావంచాలు వేస్తున్నాం. ఒక్కరికీ బొబ్బ రాలేదు.

మందుల కొట్టు
మీరు తెల్లవారకముందే రాసి వెంటనే కడిగేస్తారు కాబట్టి రాలేదు. నేను చెప్పింది ప్యాక్ గురించి.

కచ్చూరం
అంటే మా పద్ధతిలో తప్పు లేదని మీరే ఒప్పుకుంటున్నారు. ఎర్రబుగ్గగారి పెళ్లిలో ఎవరో చేతకాక గట్టిగా రుద్దారు. ఆ కోపం పిండి మీద చూపిస్తే ఎలాగమ్మా? పండగపూట పిల్లకి నలుగు మానిపించేదాకా మీకు నిద్ర పట్టేలా లేదు.

ఎర్రబుగ్గ
ఎవరో కాదండీ, నన్ను ఎత్తుకుని పెంచిన మా పెద్దమ్మ. చేతకాక కాదు, కావాలనే గట్టిగా రుద్దింది. "ఇంకొంచెం ఓర్చుకో, పెళ్లివాళ్లు వచ్చేలోపు రంగు తేలాలి" అంది. మెడ మీంచి నల్లటి వత్తులు రాలుతుంటే అరచేతిలో పట్టి మిగతా ఆడవాళ్లకి చూపించింది, ఎంత మురికి ఉందో చూడండి అని. ఆ పీట మీద నేను తల ఎత్తలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు స్టీలు పళ్లెం మీద నూనె రాసి, సున్నిపిండి వేసి వేలితో రుద్దాను. అవే వత్తులు, అదే రంగు. చర్మం లేని పళ్లెం మీద! అది చాలావరకు నూనెలో తడిసిన పిండి. తెల్లగా ఉండే మా చెల్లికి రుద్దినా అవే రాలేవి. ఆమెవి ఎవరూ చూపించలేదు.

జల్లించారా, నూనె రాశారా అని మీరు అడుగుతుంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

గోంగూర పచ్చడి
మా ఇంట్లోనూ ఇదే జరిగింది. పిండి బదులు శనగపిండి, నిమ్మకాయ.

రాత్రి డ్యూటీ
నాకూ.

కచ్చూరం
నిన్న జవాబు రాయలేకపోయాను. నేను రంగు కోసం ఎవరినీ రుద్దలేదమ్మా. ఆ మాట ఎప్పుడైనా నోరు జారానేమో, ప్రమాణం చేసి చెప్పలేను. నా బాధ వేరే. మా కోడలు మనవరాలికి నలుగు పెట్టనివ్వదు. ఏడాదికి ఒకసారి వచ్చే పిల్ల. నూనె గిన్నె వేడి చేసుకుని కూర్చుంటే, డాక్టర్ వద్దన్నారని గదిలోకి తీసుకెళ్లిపోయింది. ముఖానికి వద్దంటే సరే, వీపుకి ఏమయింది? పిల్ల వీపు మీద చెయ్యి వేసి నాలుగేళ్లయింది. ఇక్కడ మీరు వద్దంటుంటే మా కోడలే అంటున్నట్టు అనిపించింది. మిమ్మల్ని అన్న మాట తప్పే.

నూనె మాత్రం రాయాలి. అది నేను వదలను.

ఎర్రబుగ్గ
వీపుకి పెడితే నాకేం అభ్యంతరం లేదు, కచ్చూరంగారూ. మొదటి నుంచీ ముఖం అనే అంటున్నాను. మొటిమలు లేనివాళ్లు కూడా ముఖానికైతే వేలికొసలతో, 30 సెకన్లు మించకుండా, గోరువెచ్చటి నీళ్లతో. నూనె విషయం ఒప్పుకోను, మొటిమల ముఖానికి నూనె కూడా వద్దు.

మండపేట అమ్మ
మీ మాటలన్నీ చదివాక అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను, సీరమ్ ఎందుకు తెప్పించావని. మొటిమలకి కాదట. వారంలో రంగు మారుతుందని వీడియోలో చూసిందట. కాలేజీలో ఎవరో ఏదో అన్నారు, అది ఇంకా పూర్తిగా చెప్పడం లేదు. సీసా మూత కూడా తీయలేదు, భయపడిందట. నా చేతికిచ్చేసింది.

రాజమండ్రిలో చర్మం డాక్టర్‌కి చూపించాం. రాత్రిపూట రాసుకునే జెల్ ఇచ్చారు, బఠాణీ గింజంత. అది వాడినన్నాళ్లూ ముఖం మీద పిండి, స్క్రబ్, యాసిడ్ ఏవీ వద్దన్నారు.

భోగికి చేతులకి, కాళ్లకి, వీపుకి నలుగు అని ఇంట్లో ఒప్పందం అయింది. బావంచాల సంగతి చెబితే, ఆడించేసిన పిండిలోంచి ఎలా ఏరను అని మా అత్తగారు కాసేపు కోప్పడ్డారు. పొద్దున్నే లేచి చూస్తే మేడ మీద చాప పరిచి కొత్తగా పెసలు ఎండబోశారు.

కచ్చూరం
రెండుసార్లు జల్లించమని చెప్పండమ్మా.