వెనక షాక్ అబ్జార్బర్లలో ఒకటే కారుతోంది, రెండూ మార్చాలా?

బందరురోడ్డు:
మాది 2012 వ్యాగనార్, 94 వేలు తిరిగింది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంది. వారానికోసారి విజయవాడ నుంచి బందరు వెళ్లొస్తాం. ఈమధ్య స్పీడ్ బ్రేకర్ దిగాక వెనకభాగం మూడు నాలుగు సార్లు ఊగితే గానీ ఆగట్లేదు. వెనక సీట్లో అమ్మకి కడుపులో తిప్పుతోందట. గుంతలో పడ్డప్పుడల్లా 'టక్'మని చప్పుడొకటి. కిందికి దూరి చూస్తే ఎడమ షాక్ ఒళ్లంతా నూనె, దానికి దుమ్ము పట్టి బురదలా పేరుకుంది. కుడిది పొడిగానే ఉంది. ఒక మెకానిక్ నాలుగూ మార్చేయమంటాడు, ఇంకొకాయన ఉన్నదాన్నే విప్పి ఆయిల్ పోస్తానంటాడు. ఏం చేయమంటారు?

ఆయిల్‌చేతులు:
నాలుగూ ఎందుకండీ? బండి ముందు మూలని గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలబడిపోతే, నూనె కూడా కారకపోతే, వాటి జోలికి పోవద్దు. వెనకవి మాత్రం జతగానే వేయించండి. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే మలుపుల్లో బండి రెండు వైపులా ఒకేలా ఉండదు. ఆయిల్ పోయించడం దండగ. సీలు పోయాకే కదా నూనె బయటికొచ్చింది! గాబ్రియేల్ బ్రాండ్‌ది అయినా కారు కంపెనీది అయినా ఫర్వాలేదు, మీ ఏడాది మోడల్‌కి సరిపోయే పార్ట్ నంబరేనా అని చూసుకోండి.

పాతపానా:
వెనక కూర్చుండిపోయినట్టు ఉందా? షాక్ బరువు మోయదు, మోసేది స్ప్రింగు. ఊపు ఆపడమే షాక్ పని. సిలిండర్ లేని ఇంకో వ్యాగనార్ పక్కన పెట్టి, చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా టేపు పెట్టి కొలవండి. బాగా తక్కువుంటే స్ప్రింగులు కూడా చూడాలి. ఇంకోటి, షాక్ కింది బోల్టు బండి నేల మీద నిలబడ్డాకే ఫుల్ టైట్ చేయించండి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బోల్టు చుట్టూ ఉండే బుష్ రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. దగ్గరుండి చెప్పకపోతే ఎవరూ పట్టించుకోరు.

బందరురోడ్డు:
థాంక్స్ అన్నా ఇద్దరికీ. కొలిస్తే ఒక్క వేలెడే తేడా, స్ప్రింగులు వదిలేశా. నిన్న ఆటోనగర్‌లో రెండు గాబ్రియేల్ షాకులు వేయించా. పాతవి విప్పాక నేనే నొక్కి చూశా. కారుతున్నది సైకిల్ పంపులా సర్రున దిగిపోయి అక్కడే ఉండిపోయింది. పొడిగా ఉందనుకున్న కుడిది కూడా సగం దాకా ఖాళీగానే దిగింది! గ్యాస్ నింపిన కొత్తదాన్ని రెండు చేతులతో అదిమితే గానీ దిగలేదు, వదిలితే మెల్లగా తనంతట తానే పైకొచ్చింది. కింది బోల్టు సంగతి చెబితే మెకానిక్ మొహం చిట్లించాడు గానీ, జాక్ దించాకే బిగించాడు.

ఊపు పోయింది. 'టక్' మాత్రం పోలేదు. తిరిగొస్తుంటే చికాకేసి పక్కకి ఆపి డిక్కీ తీసి, సిలిండర్ని పట్టుకుని ఊపా. కదిలింది. స్టాండ్ బోల్టు ఒకటి చేత్తో తిప్పితే తిరిగేంత వదులు. ఇన్నాళ్లూ దాని ముందే అమ్మని కూర్చోబెట్టి తిప్పాను. గ్యాస్ బంద్ చేసి పెట్రోల్ మీద ఇంటికొచ్చా. పొద్దున్నే సీఎన్‌జీ కిట్ వేసినవాళ్ల దగ్గరికి.