అమెరికాలో కొత్తవాళ్లకు మొదటి కార్డు: మైళ్లదా, ఫీజు లేనిదా?

వలసపక్షి: హెచ్1బి మీద కొత్తగా దిగినవాళ్ల గురించి అడుగుతున్నా. ఎస్ఎస్ఎన్ వచ్చింది, ఇక్కడి క్రెడిట్ హిస్టరీ సున్నా. ఏడాదికోసారి ఇండియా టికెట్లు తప్పవు. మొదటి క్రెడిట్ కార్డే ట్రావెల్ కార్డు (విమాన టికెట్లకి పనికొచ్చే మైళ్లు, పాయింట్లు ఇచ్చేది) తీసుకోవచ్చా, లేక ఏడాది ఫీజు లేని కార్డుతో మొదలెట్టాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

లెక్కల మాస్టారు: ఫీజు లేనిదేనండి, ఇందులో వాదనే అక్కర్లేదు. కనీసం ఒక ఖాతాకి ఆరు నెలలు నిండితే గానీ ఫైకో స్కోరు (బ్యాంకులు చూసే క్రెడిట్ స్కోరు) పుట్టదు. స్కోరు లేకుండా పెద్ద కార్డుకి అప్లై చేస్తే కార్డు రాదు సరికదా, హార్డ్ ఎంక్వయిరీ (అప్లై చేసినప్పుడు బ్యాంకు మన రిపోర్టు చూసిన గుర్తు) రెండేళ్లు రిపోర్టులో కూర్చుంటుంది. చేజ్ బ్యాంకులో ఖాతా తెరిచి 250 డాలర్లు ఉంచి, కొత్తవాళ్ల కోసం వాళ్లిచ్చే ఫీజు లేని ఫ్రీడమ్ రైజ్ కార్డుకి అప్లై చేస్తే అవకాశం పెరుగుతుందని బ్యాంకే చెబుతోంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇంకోచోట. లిమిట్ 500, వాడింది 450, స్టేట్‌మెంట్ 12వ తేదీన, గడువు పై నెల 7న అనుకోండి. గడువులోపు పూర్తిగా కట్టినా, 12న క్రెడిట్ బ్యూరోకి (స్కోరు లెక్కకి మన రిపోర్టు ఉంచే సంస్థకి) వెళ్లే అంకె 450. అంటే 90 శాతం వాడకం. స్కోరు అక్కడే పడుతుంది. 9వ తేదీకల్లా 400 కట్టేస్తే రిపోర్టయ్యేది 50. వడ్డీ ఎలాగూ ఉండదు, తేడా అంతా తేదీలోనే.

మైళ్ల మామ: మాస్టారూ, హిస్టరీ సున్నా అని ఎందుకు ఒప్పేసుకోవాలి? అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) 2019 నుంచి నోవా క్రెడిట్ అనే, బయటిదేశాల రిపోర్టులు తెచ్చిపెట్టే కంపెనీ ద్వారా ఇండియాలోని క్రెడిట్ రిపోర్టు చూస్తోంది. అక్కడ కార్డో లోనో శుభ్రంగా కట్టినవాళ్లకి దారి ఉంది. పైగా చేజ్‌కి 5/24 లెక్క ఒకటుంది. గత 24 నెలల్లో ఏ బ్యాంకుదైనా సరే ఐదు కొత్త కార్డులు తీసుకుంటే మామూలుగా వాళ్ల కార్డు రాదు. భార్యాభర్తల్లో ఒకరి కార్డుమీద ఇంకొకరిని ఆథరైజ్డ్ యూజర్‌గా (అదే ఖాతా మీద వాడుకునే మనిషిగా) చేర్చినా అదీ ఆ ఐదులో పడుతుంది. షాపు కౌంటర్ దగ్గర డిస్కౌంట్ అన్నారని ఎక్కడైనా చెల్లే కార్డులు మూడు తీసుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

లెక్కల మాస్టారు: నోవా సంగతి ఒప్పుకుంటా. కానీ అమెక్స్‌లో ఒక కార్డుకి వెల్‌కమ్ బోనస్ (కొత్త కార్డు మీద మొదట్లో ఇంత వాడితే ఇచ్చే పాయింట్లు) సాధారణంగా జీవితంలో ఒక్కసారే. డిపాజిట్లు, ఫర్నిచర్, కారు డౌన్‌పేమెంట్ అంటూ డబ్బు కటకటగా ఉన్న మొదటి నెలల్లో, చిన్న ఆఫర్ మీద ఆ ఒక్క అవకాశాన్ని ఖర్చు చేసుకోవడం ఏం తెలివి? మూడు నెలల్లో ఇంత వాడాలనే షరతు కోసం అక్కర్లేనివి కొని, బిల్లు మిగిల్చి, 20 శాతం పైబడ్డ వడ్డీ కడితే మైళ్లన్నీ గోవిందా.

మైళ్ల మామ: బిల్లు మిగిల్చేవాళ్లకి ఏ కార్డూ వద్దు. పూర్తిగా కట్టేవాళ్ల సంగతే మనం మాట్లాడేది. మీ ఫ్రీడమ్ కార్డుని ఇండియాలో గీకితే ఏమవుతుందో చూడండి: 1,000 డాలర్లకి 3 శాతం, అంటే 30 డాలర్లు ఫారిన్ ఫీజు. వచ్చే పాయింట్లు 15 డాలర్ల విలువ. పెళ్లి షాపింగ్‌కి వెళ్లినవాళ్లు నవ్వుతూ నష్టపోతారు. ఏడాదికి 95 డాలర్లుండే చేజ్ వాళ్ల ట్రావెల్ కార్డు సఫైర్ ప్రిఫర్డ్‌కి ఆ ఫారిన్ ఫీజు లేదు. అది చేతిలో ఉంటే ఫ్రీడమ్ పాయింట్లు కూడా యునైటెడ్‌కో ఏరోప్లాన్‌కో (ఎయిర్ కెనడా మైళ్ల పథకం) పాయింటుకి మైలు చొప్పున వెళతాయి. ఎయిరిండియా 2014 నుంచి ఆ రెండు ఎయిర్‌లైన్లూ ఉన్న స్టార్ అలయన్స్ కూటమిలో ఉంది కాబట్టి ఆ మైళ్లతో దాని టికెట్లు కూడా తీయవచ్చు.

టికెట్టు కష్టాలు: ఇద్దరూ ఒక మాట వదిలేశారు. నలుగురు కుటుంబం, పిల్లలకి బడి సెలవులు, జూన్ లేదా డిసెంబరు. ఆ తేదీల్లో ఒకే విమానంలో నాలుగు మైళ్ల సీట్లు దొరకడం దేవుడి దయ. అలాంటివాళ్లకి ఫీజు లేని 2 శాతం క్యాష్‌బ్యాక్ చాలాసార్లు నయం. ఒంటరిగా, తేదీలు అటూఇటూ జరపగలిగినవాళ్లకే మామ లెక్క బాగా పనికొస్తుంది. సీటు కళ్లముందు కనబడే దాకా పాయింట్లు పంపొద్దు. ఒకసారి ఎయిర్‌లైన్‌కి వెళ్లినవి వెనక్కి రావు.

ఇంకోటి, ఇండియాలో కార్డు గీకే మెషీన్ "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడిగితే రూపాయలే నొక్కండి. డాలర్లు నొక్కితే మారకం రేటు ఆ దుకాణం వైపు బ్యాంకుది, అది సాధారణంగా మనకి నష్టమే.

వలసపక్షి: వీసా పోయి వెనక్కి వెళ్లాల్సొస్తే?

మైళ్ల మామ: కార్డు మూసేముందు పాయింట్లని ఎయిర్‌లైన్ ఖాతాకి పంపేయాలి. ఈ ఒక్క సందర్భంలో పైన ఆయన చెప్పిన 'సీటు చూశాకే' నియమం పనిచేయదు. ఆ ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందూ వెనకా అయితే అక్కడే పేచీ. అమెక్స్ అయితే ఏడాది నిండకుండా మూయొద్దు, బోనస్ వెనక్కి లాక్కోవచ్చు.

లెక్కల మాస్టారు: వెళ్లేవాళ్లకి ఫీజు కార్డు మూయడం కన్నా, ఏడాది నిండాక దాన్నే ఫీజు లేనిదానికి మార్చమనడం మేలు. తిరిగొస్తే ఖాతా వయసు అలాగే ఉంటుంది. అందుకే మొదటిది ఫీజు లేనిది అంటున్నా, మామా.

మైళ్ల మామ: మార్చుకోవచ్చు అని మీరే అన్నాక, మొదట ఫీజుది తీసుకుంటే తప్పేంటి మాస్టారూ?