బ్రేక్ వేశాక సగం దూరంలో కారు వేగం సగం అవ్వదా?

ఎంపీసీ ఫస్టియర్:
కారు గంటకు 72 కి.మీ. వేగంతో వెళ్తోంది. బ్రేక్ వేస్తే ఋణత్వరణం (వేగం తగ్గే రేటు) 5 మీ/సె². 40 మీటర్లలో ఆగింది. 20 మీటర్ల దగ్గర వేగం ఎంత? సగం దూరం కాబట్టి 36 అంటోంది మా ఫ్రెండ్. నాకేమో 51 వస్తోంది. రేపే స్లిప్ టెస్ట్, టెన్షన్‌గా ఉంది. ఏది కరెక్టో చెప్పండి సార్.

ఫిజిక్స్ మాస్టారు:
నీదే కరెక్టమ్మా. 72ని 5/18తో గుణిస్తే సెకనుకు 20 మీటర్లు. 20 వర్గం 400. అందులోంచి 2×ఋణత్వరణం×దూరం, అంటే 2×5×20 తీసేస్తే 200. వర్గమూలం 14.1, అంటే గంటకు 51 కి.మీ.

మీ ఫ్రెండ్‌కి జవాబుతో సరిపెట్టకు, కారణం కూడా చెప్పు. వేగం తగ్గేది సెకనుకు 5 మీ/సె చొప్పున, మీటరుకు ఇంత అని కాదు. కారు ఆగడానికి 4 సెకన్లు. 2 సెకన్లకు వేగం సగమై 36కి వస్తుంది, నిజమే. కానీ అప్పటికే కారు 30 మీటర్లు వెళ్లిపోయింది! మిగతా 2 సెకన్లలో కదిలేది 10 మీటర్లే. వేగం–కాలం గ్రాఫు గీసి చూడు. ఏటవాలు గీత కింద త్రిభుజం వస్తుంది, దాని వైశాల్యమే దూరం. సగం కాలం దగ్గర నిలువు గీత గీస్తే ఎడమ ముక్క కుడి ముక్కకు మూడింతలుంటుంది. ఈ బొమ్మ వేయించకుండా సూత్రాలు బట్టీ పట్టిస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

క్యాబ్ డ్రైవర్:
నేను విజయవాడ హైవే మీద నడుపుతా. 72కీ 90కీ పెద్ద తేడా ఏముందని ప్యాసింజర్లు తొందరపెడతారు. 90లో వస్తే అదే 40 మీటర్ల దగ్గర ఎంతుంటుంది మాస్టారూ?

ఫిజిక్స్ మాస్టారు:
మంచి ప్రశ్న అడిగారు. 90 అంటే సెకనుకు 25. 25 వర్గం 625లోంచి 2×5×40, అంటే 400 పోతే 225, వర్గమూలం 15. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట మీ కారు ఇంకా 54 మీద ఉంటుంది. ఇద్దరికీ కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, మొదటి కారు ఆగిన చోట మీది దాదాపు 60 మీద ఉంటుంది. ప్యాసింజర్లకు ఈ అంకెలు చెప్పండి.

ఎంపీసీ ఫస్టియర్:
థాంక్యూ సార్! కారులో ఇంకో నలుగురు ఎక్కితే ఆ 5 మారదా?

ఫిజిక్స్ మాస్టారు:
చక్రాలు బిగుసుకుని జారుతున్నాయనుకుంటే మారదమ్మా. బరువు పెరిగితే ఘర్షణ బలమూ అంతే పెరుగుతుంది, కాబట్టి ద్రవ్యరాశిని రెండు వైపులా కొట్టేయొచ్చు. ఋణత్వరణంగా మిగిలేది ఘర్షణ గుణకం (రోడ్డు పట్టు ఎంతో చెప్పే అంకె) × 9.8 (గురుత్వ త్వరణం). పొడి తారు రోడ్డుకు గుణకం సుమారు 0.7, వానకు తడిస్తే 0.4 దాకా పడిపోతుంది. 0.4 పెట్టి ఇదే కారు ఎంత దూరంలో ఆగుతుందో నువ్వే చెయ్యి. 51 మీటర్లు రావాలి.