అప్‌డేట్: తాత పైపు ఏనుగు దంతం కాదు

దేవరకొండలో మా తాత పెట్టెలో దొరికిన తెల్ల పొగాకు పైపు ఏనుగు దంతంతో చేసిందేనా అని ఇక్కడ అడిగాను కదా, సంగతి చాలావరకు తేలింది. అది దంతం కాదు, మీర్‌షామ్. సెపియోలైట్ అనే మెత్తని ఖనిజం. టర్కీలోని ఎస్కిషెహిర్ గనులు దీనికి పేరుమోసినవి. పొగ తాగేకొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది. మన పైపు అడుగు అలాగే ఉంది. దంతానికుండే అల్లిక గీతలు ఎక్కడా లేవు.

అది ఎక్కడిదో చెప్పే అసలు ఆధారం పైపు చుట్టూ ఉన్న వెండి పట్టీ మీద దొరికింది. నల్లగొండలో తెలిసిన కంసాలి భూతద్దం పెట్టి చూపించాడు: నడుస్తున్న సింహం, పక్కన లంగరు. సింహమంటే 92.5 శాతం ఇంగ్లండు వెండి, లంగరంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించిన ముద్ర. మూడోది సంవత్సరం చెప్పే అక్షరం. పండగ పండక్కీ నానమ్మ విబూదితో తోమీ తోమీ దాన్ని అరగదీసింది!

నిజాం ఇచ్చాడన్న చిన్నాయన కథకు మాత్రం కాగితం ముక్క కూడా దొరకలేదు. ఆయన ఒప్పుకోడు, వదిలేయండి. పైపు అమ్మడం లేదు, ధర అడగొద్దు.