స్టిక్కర్ లేకపోతే అది మురానో గాజు కాదా?

వైజాగ్_శారద:
మా పెదనాన్న షిప్పులో పనిచేసేవారు. 1974లో వెనిస్ నుంచి ఒక గాజు చేప తెచ్చారు. జానెడు పొడవు, లోపల నీలం, దాని చుట్టూ తేనె రంగు, పైన తెల్లటి గాజు. పోయిన నెల పాత సామాన్లు కొనే ఒకాయనకి చూపిస్తే, చేతిలోకి కూడా తీసుకోకుండా "స్టిక్కర్ లేదు, సంతకం లేదు, ఇది చైనా సరుకమ్మా" అనేశాడు. అమ్మే ఉద్దేశం లేదు గానీ ఆ మాట మింగుడు పడట్లేదు. నిజంగానే అంతేనా?

రఘు_పాతసరుకు:
చూడకుండా అలా అనడం తప్పే. కానీ కాయితం లేని మురానోకి నేనైతే డబ్బు పెట్టను. వెనిస్ వాళ్లు 1291లో గాజు బట్టీలన్నీ పక్కనే ఉన్న మురానో దీవికి తరలించారు, అప్పట్నుంచి ఆ పేరుకి గిరాకీ. గిరాకీ ఉన్నచోట నకిలీలు రాకుండా ఉంటాయా? అందుకే 1994లో అక్కడి వెనెతో ప్రాంతం చట్టం చేసి 'వెత్రో ఆర్తిస్తికో మురానో', అంటే మురానో కళాత్మక గాజు, అనే గుర్తు పెట్టింది. ఆ స్టిక్కర్ మీదున్న కోడ్‌ని బట్టి ఏ బట్టీదో తెలుస్తుంది.

మాధవి_గాజు:
రఘు గారూ, 1974లో కొన్న చేపకి 1994 స్టిక్కర్ ఎక్కణ్ణుంచి వస్తుందండీ? అంతకుముందు రేకు లేబుళ్లు ఉండేవి, నిజమే, కానీ నాలుగుసార్లు కడిగితే ఊడిపోయేవి, ఊడినవి ఇంకోదానికి అంటించొచ్చు కూడా. సంతకమూ అంతే, చిన్న డ్రిల్ ఉంటే ఎవరైనా చెక్కేస్తారు.

శారద గారూ, చేపని తిరగేసి అడుగు చూడండి. పని జరిగేటప్పుడు గాజు ఇనుప కడ్డీ చివర అంటుకుని ఉంటుంది, విడగొట్టాక అక్కడ మచ్చ మిగులుతుంది, మంచి బట్టీలో దాన్ని సానబెట్టి నున్నగా చేస్తారు. అచ్చులో పోసిందైతే పక్కన సన్నటి అతుకు గీత వేలికి తగులుతుంది. యాభై ఏళ్లు బల్లమీద ఉన్న గాజుకి బల్లని తాకే చోట వెంట్రుకల్లాంటి గీతలు ఎటుబడితే అటు ఉంటాయి, ఇసుక కాగితంతో రుద్ది పాతదిగా చేస్తే అన్నీ ఒకే వైపు పోతాయి. మీ చేప పనితనాన్ని అక్కడ సొమ్మెర్సో అంటారు, ఒక రంగు ముద్దని ఇంకో రంగు కరిగిన గాజులో ముంచి తీస్తారు. రంగుల హద్దు శుభ్రంగా ఉందో లేదో చూడండి.

రఘు_పాతసరుకు:
ఇవన్నీ చేత్తో చేసిందని చెప్తాయి, మురానోలో చేసిందని చెప్పవు. చైనాలోనూ, ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలోనూ చేత్తో చేస్తారు, అక్కడా ఆ మచ్చ ఉంటుంది. అంతెందుకు, తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కరిగిన గాజుని చేత్తోనే సన్నటి గొట్టంలా లాగి పూసలు కోసేవాళ్లు. ఆ పని ఎవరికి తీసిపోతుంది? కానీ మురానో పూసల ధర వాటికి పలకదు. ధర పేరుకే, పేరుకి రుజువు కావాలి.

మాధవి_గాజు:
నా బాధ కూడా అదేనండీ. కాయితం లేదని, పేరు లేదని మంచి పనికి కిలోల లెక్కన ధర కట్టీ కట్టీ, అసలు వస్తువుని తిరగేసి చూసేవాళ్లే లేకుండా పోయారు.

వైజాగ్_శారద:
టార్చి వేసి చూశాను. అడుగున రూపాయి బిళ్ళంత నున్నటి చదును ఉంది, అంచు చుట్టూ సన్నటి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. తోక దగ్గర తేనె రంగు కొంచెం పక్కకి జరిగింది, కంటి పక్కన ఆవగింజంత గాలి బుడగ. పెద్దమ్మని అడిగితే ట్రంకు పెట్టెలోంచి పెదనాన్న ఉత్తరం తీసింది: "మురానోలో గాజు చేప కొన్నా, లుంగీలో చుట్టి పెట్టా, ఇంటికి చేరేదాకా టెన్షనే."

రఘు_పాతసరుకు:
ఆ ఉత్తరం కవరుతో సహా జాగ్రత్త చెయ్యండి, పోస్టు ముద్రలో తేదీ కనిపిస్తోందేమో చూడండి. ఏ బట్టీదో దీంతో తేలదు గానీ, ఆయనన్న చైనా మాట ఇక నిలబడదు. చేపనీ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పెట్టుకోండి, అడుగు భాగం కూడా.